కూర్చిన ప్రోగ్రామునకు చోటెక్కడ?

అనంతపురము మెట్టభూములలో ఏడాదికి సగటున కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ కొద్ది వానకు పండిన వేరుశనగను రైతు ఇంటికి చేర్చినపుడు అమ్మకపు కాయలను ఒకచోట, విత్తనపు కాయలను వేరొకచోట ఉంచును. ఆ చోటు ఇంటిల్లిపాదికిని తెలిసియుండును. విత్తనపు మూటలు పొరపాటున మిల్లు బండి ఎక్కినచో తొలకరికి చేతిలో ఏమియు మిగులదు. కంప్యూటరు ప్రోగ్రాములకును ఇట్టి చోటుల ఏర్పాటొకటి కలదు. దానిని గూర్చియే నేటి మా ప్రసంగము.

ప్రోగ్రామును మూలరూపమున తీసికొని, యంత్రమునకు పనికివచ్చునట్లు కూర్చి, తగిన అరలలో చేర్చుటకు నిర్మాణ సాధనములు కలవు. 2000లో మొదలైన సీమేక్ అట్టిది. అరనే డైరెక్టరీ అందురు. ఎక్కడ ఉంచవలెనో మనము చెప్పనిచో, లినక్సులో ఆ సాధనము 'యూఎస్ఆర్' అను పెద్ద అరలోని 'లోకల్' అను అరను తానే ఎంచుకొనును.

'లోకల్' ఎందుకు? 'యూఎస్ఆర్'లోని తక్కిన భాగము లినక్సును కూర్చి పంపిణీ చేయువారి సరకునకు విడిచినది. వారు క్రొత్త కూర్పు పంపినపుడల్లా అచ్చటి పాతది తొలగి క్రొత్తది చేరును. అనంతపురములోని ఒక విద్యార్థి తెలుగు అక్షరదోషములను సరిచూచు ప్రోగ్రామును స్వయముగా కూర్చి అచ్చటనే ఉంచెననుకొందము. పంపిణీదారులనుండి అదే పేరుగల ఫైలు వచ్చినచో, అది విద్యార్థి ఫైలును చెరిపి దాని స్థానమున కూర్చుండును. 'లోకల్' జోలికి వారు రారు. అది యంత్రము నడుపువారిది. ఈ ఒడంబడిక 1994లో లిఖితరూపము దాల్చి, 2015లో 3.0 కూర్పునకు వచ్చినది.

లోపలి అరలతో మరియొక చిక్కు కలదు. నడిపెడి ప్రోగ్రాములకు 'బిన్', వాని ఉమ్మడి సామగ్రికి 'లిబ్', మాటల పట్టికలు మున్నగువానికి 'షేర్'. ఈ పేర్లు మా చెవికి ఇంపు కాకున్నను, వాడుక ఇదియే. 'లిబ్' విషయమున పంపిణీదారులకే పొత్తు కుదరలేదు. 64 బిట్ల సామగ్రికి ఫెడోరావారు 'లిబ్64' అను వేరు అర పెట్టిరి. డెబియనువారు 'లిబ్' లోపలనే యంత్రజాతి పేరుతో ఒక అర పెట్టిరి. ప్రోగ్రాము కర్త తన యంత్రమున ఉన్నట్లే అందరికిని 'లిబ్' అని బిగించి వ్రాసినచో, విత్తనపు కాయలు అమ్మకపు కాయలలో కలిసినట్లే యగును. సీమేక్‌లో 'గ్నూ ఇన్‌స్టాల్ డిర్స్' అను భాగమును చేర్చుకొన్నచో, ఆయా యంత్రమునకు తగిన అరను అదియే ఎంచును.

ఇక మన విద్యార్థి కళాశాల యంత్రముమీద పనిచేయువాడైనచో, అతనికి 'లోకల్'లో వ్రాయు అధికారము సాధారణముగా ఉండదు. మా దృష్టిలో కర్త మనసున ఉంచుకొనవలసినది ఇతనినే. కూర్చుటకు ముందే 'ఇన్‌స్టాల్ ప్రిఫిక్స్' అను చోట తన సొంత అర పేరు వ్రాసికొనినచో అతని పని గడచును, కర్త తన దారిని ప్రోగ్రాములో ఎక్కడను బిగించకుండిన యెడల.