ప్రమాదం జరిగితే ఆసుపత్రి బిల్లు ఏ బీమా కడుతుంది?

సికింద్రాబాద్‌లోని బోయిన్‌పల్లి కూరగాయల మార్కెట్‌కు మేడ్చల్, మెదక్, సిద్దిపేట వైపు నుంచి రైతులు సరుకుతో రాత్రిపూటే బయలుదేరుతారు. దారిలో ప్రమాదం జరిగితే ఇంట్లోవాళ్లు మొదట అనుకునే మాట 'మనకు బీమా ఉంది కదా' అని. కానీ రైతుల దగ్గర సాధారణంగా ఉండే బీమాల్లో చాలావరకు ఆసుపత్రి బిల్లు కట్టవు. ఏది కడుతుందో, ఏది కట్టదో ముందే తెలుసుకోవాలి.

బిల్లు కట్టని బీమాలు

• రైతు బీమా: తెలంగాణలో 2018 ఆగస్టు నుంచి అమలవుతోంది. 18–59 ఏళ్ల పట్టాదారు రైతు ఏ కారణంతో మరణించినా నామినీకి రూ.5 లక్షలు వస్తాయి. చికిత్స ఖర్చుకు ఇది వర్తించదు.

• ప్రధానమంత్రి సురక్ష బీమా: బ్యాంకు ఖాతా నుంచి ఏటా రూ.20 కట్ అయ్యే బీమా ఇదే. ప్రమాదంలో మరణించినా, శాశ్వతంగా పూర్తి వైకల్యం వచ్చినా రూ.2 లక్షలు, పాక్షిక వైకల్యానికి రూ.లక్ష ఇస్తారు. కాలు విరిగి మూడు నెలలు మంచం పట్టి తర్వాత కోలుకుంటే దీని కింద ఏమీ రాదు.

• బండి యజమాని ప్రమాద బీమా: బండి పాలసీతో కలిపి తీసుకునే రూ.15 లక్షల బీమా. ఇది కూడా మరణానికి, శాశ్వత వైకల్యానికే.

బిల్లుకు ఆదుకునేవి

1. రోడ్డు ప్రమాద బాధితుల నగదు రహిత చికిత్స పథకం: కేంద్రం 2025 మే 5 నుంచి అమల్లోకి తెచ్చింది. ఏ రోడ్డు మీదైనా మోటారు వాహనం వల్ల గాయపడితే, గుర్తింపు పొందిన ఆసుపత్రిలో ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, రూ.1.5 లక్షల దాకా ఉచిత చికిత్స అందుతుంది. 112కు ఫోన్ చేసి దగ్గరలోని ఆసుపత్రి గురించి అడగవచ్చు. పొలంలో ట్రాక్టర్ బోల్తా పడితే మాత్రం అది రోడ్డు ప్రమాదం కాదు.

2. ఆరోగ్యశ్రీ: తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి పరిమితి రూ.10 లక్షలకు పెరిగింది. ఆహార భద్రత కార్డు ఉన్న కుటుంబాలకు జాబితాలోని చికిత్సలు, ఆపరేషన్లు ఉచితం. ప్రమాదం పొలంలో జరిగినా ఇది పనికొస్తుంది. ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలవండి, లేదా 104కు ఫోన్ చేయండి.

3. సొంత ఆరోగ్య బీమా: కొత్త పాలసీకి ఉండే 30 రోజుల నిరీక్షణ గడువు ప్రమాదాలకు వర్తించదు. గది అద్దె పరిమితి ఉంటే, ఎక్కువ అద్దె గది తీసుకున్నప్పుడు మిగతా ఖర్చుల్లోనూ కోత పడవచ్చు.

4. ఎదుటి వాహనం థర్డ్ పార్టీ బీమా: తప్పు ఎదుటి వాహనానిదైతే వైద్య ఖర్చు, పోయిన సంపాదన కలిపి పరిహారం కోరవచ్చు. ఇది వెంటనే రాదు. మోటారు ప్రమాద క్లెయిముల ట్రిబ్యునల్‌లో కేసు వేయాలి. చట్టంలోని గడువు 6 నెలలు. ప్రమాదం సికింద్రాబాద్‌లో జరిగినా, మీరు నివసించే ప్రాంతపు ట్రిబ్యునల్‌లోనే వేయవచ్చు. గుద్దిన వాహనం దొరక్కపోతే తీవ్ర గాయానికి రూ.50 వేలు, మరణానికి రూ.2 లక్షలు ఇచ్చే పథకం ఉంది.

మొదటి రోజు చెప్పే మాటే కీలకం

పోలీసు కేసు ఎందుకని కొందరు ఆసుపత్రిలో 'ఇంట్లో జారి పడ్డాడు' అని రాయిస్తారు. ఈ ఒక్క మాటతో తర్వాత క్లెయిము మొత్తం పోవచ్చు. ముషీరాబాద్‌లోని గాంధీ ఆసుపత్రికి తీసుకెళ్లినా, ప్రైవేటుకు వెళ్లినా జరిగింది జరిగినట్టు చెప్పి మెడికో లీగల్ కేసుగా నమోదు చేయించండి. ఎఫ్‌ఐఆర్ కాపీ, వాహనాల నంబర్లు, డిశ్చార్జి పత్రం, ప్రతి మందుల రసీదు దాచుకోండి. ఒరిజినల్ బిల్లులు బీమా కంపెనీకి ఇచ్చే ముందు జిరాక్స్ తీసుకోండి.

ట్రాక్టర్ ఉన్న రైతులకు

ట్రాక్టర్‌కు బీమా ఉంటే ట్రాలీకి కూడా ఉన్నట్టు కాదు. పాలసీలో ట్రాలీ ఉందో లేదో చూసుకోండి. ట్రాక్టర్‌లో డ్రైవరుకే సీటు ఉంటుంది. మడ్‌గార్డు మీద కూర్చున్నవారికి గాయమైతే 'బాధ్యత మాది కాదు' అని కంపెనీ వాదిస్తుంది. అప్పుడు ఆ భారం యజమాని మీద పడే ప్రమాదం ఉంది. కూలీలను ట్రాలీలో తీసుకెళ్లేవారు ఈ మాట మరవకూడదు.

క్లెయిము తిరస్కరిస్తే

ముందుగా కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఇందుకు ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు.

ఈరోజే బ్యాంకు పాస్‌బుక్, బండి పాలసీ, ఆహార భద్రత కార్డు ఒకచోట పెట్టి, ఏది దేనికి పనికొస్తుందో ఇంట్లోవాళ్లకు చెప్పి ఉంచండి. ప్రమాదం జరిగినప్పుడు ఆ కాగితాలు వెతకాల్సింది వాళ్లే.