ఈ దారులను ఇరుకుగానే ఉండనివ్వండి

కడప జిల్లా పర్యాటకం గురించి మాట మొదలైతే అది గండికోట దగ్గర మొదలై గండికోట దగ్గరే ఆగిపోతుంది. 2024 నవంబరులో కేంద్రం ఆ కోట అభివృద్ధికి 77.91 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. మంచిదే, కోటకు ఆ బాకీ ఎప్పటినుంచో ఉంది. కానీ జమ్మలమడుగు నుంచి పులివెందుల దాకా, అక్కణ్ణుంచి వేంపల్లె మీదుగా ఇడుపులపాయ దాకా పరుచుకున్న నేలలో చూడదగ్గది ఆ ఒక్క లోయ అంచే అనుకుంటే పొరపాటు. ఒకపక్క పాలకొండలు, ఇంకోపక్క ఎర్రమలలు, నడుమ పాపాఘ్ని, చిత్రావతి, పెన్న. కొండల సందుల్లో నిలిచిన నీళ్ళు: పార్నపల్లె దగ్గర పది టీఎంసీల చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరు, సింహాద్రిపురం మండలంలో పైడిపాలెం, పెన్న మీద మైలవరం, దానికి ఎగువన 26.85 టీఎంసీల గండికోట జలాశయం. వీటి చుట్టుపక్కల ఊరి నుంచి ఊరికి పోయే సన్నని తారు రోడ్లు అల్లుకుని ఉన్నాయి. సైకిలు మీద పోయేవాళ్ళకు ఇంతకంటే మంచి దారులు కొత్తగా వేద్దామన్నా కుదరవు. చేయాల్సిందల్లా ఉన్నవాటిని చెడగొట్టకుండా చూసుకోవడం. ఇంకా సూటిగా చెప్పాలంటే, వాటిలో కొన్నిటినైనా వెడల్పు చేయకుండా వదిలేయడం.

రోడ్డు వెడల్పు చేయొద్దు అనడం రాయలసీమలో అంత తేలిగ్గా చెల్లే మాట కాదు. వానొస్తే వంక దాటలేక బాలింతలను మంచాల మీద మోసుకెళ్ళిన రోజులు ఇక్కడి పెద్దవాళ్ళకు ఇంకా జ్ఞాపకమే. ఊరికి తారు రోడ్డు అంటే ఏళ్ళ తరబడి పెట్టిన అర్జీల ఫలం. అయితే ఆ రోడ్డు ఏ కొలతతో వచ్చిందో గమనించాలి. 2000 డిసెంబరు 25న మొదలైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మైదాన ప్రాంతాల్లో ఐదు వందల జనాభా ఉన్న ప్రతి ఊరికీ అన్ని కాలాల్లో నడిచే రోడ్డు వేస్తానంది. తారు వెడల్పు సాధారణంగా 3.75 మీటర్లు, రాకపోకలు మరీ తక్కువైన చోట మూడు మీటర్లే. అసలు సంగతి ఈ కొలతలోనే ఉంది. రెండున్నర మీటర్ల లారీకి ఇలాంటి రోడ్డు మీద ఎదురుగా ఏ బండి వచ్చినా వేగం తగ్గించి ఒక చక్రాన్ని మట్టిలోకి దింపక తప్పదు. మలుపు అవతల ఏముందో కనపడదు కాబట్టి కారు నడిపేవాళ్ళ కాలు బ్రేకు మీదే ఉంటుంది. నగరాల్లో స్పీడు బ్రేకర్లు, బోర్డులు, కెమెరాలు పెట్టి కూడా సాధించలేని నెమ్మదిని ఇక్కడ రోడ్డు ఇరుకే తెచ్చిపెట్టింది. ఖర్చు తగ్గించుకోవడానికి పెట్టిన కొలత సైకిలుకు రక్షణ అయింది. ప్రభుత్వ పథకాల్లో ఇలాంటి మేళ్ళు అప్పుడప్పుడూ జరుగుతుంటాయి, ఎవరూ పేరు పెట్టుకోరంతే.

లెక్కలు కూడా ఇదే చెబుతున్నాయి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ నివేదిక. దేశంలోని మొత్తం రోడ్ల పొడవులో జాతీయ రహదారులు రెండు శాతం చిల్లర. చావుల్లో వాటి వాటా మాత్రం 36 శాతం. రాష్ట్ర రహదారులను కూడా కలిపితే అరవై శాతానికి చేరుతుంది. పెద్ద రోడ్ల మీద బండ్లు ఎక్కువ తిరుగుతాయి, అందుకే చావులూ ఎక్కువ, ఇందులో వెడల్పు తప్పేముంది అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ సైకిలు తొక్కేవాళ్ళు వెతుక్కునేది కూడా బండ్లు తక్కువగా, నెమ్మదిగా తిరిగే దారినే కదా. వెడల్పు చేసిన రోడ్డు ఖాళీగా ఉండదు. పక్క దారుల్లో పోయే లారీలన్నిటినీ తనవైపు లాక్కుంటుంది. హైదరాబాదులో ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో సౌరఫలకాల పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. వంద మీద దూసుకుపోయే కార్ల పక్కన సైకిలు బతకాలంటే అలా వేరే దారి వేయక తప్పదు. లింగాల మండలంలో ఆ అవసరం లేదు. అక్కడ రోడ్డు మొత్తం సైకిలుకు సరిపోయేదే. గొర్రెల మందకూ, బుడ్డల బస్తాలేసుకున్న ట్రాక్టరుకూ కూడా.

ఈ దారుల్లో సైకిలు మీద పోతే ఏం కనబడుతుందో కొంచెం వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే కారులో పోయేవాళ్ళకు అది దాదాపుగా కనపడదు. పులివెందుల నుంచి పడమటికి తిరిగితే అరటి తోటలు, చీనీ తోటలు దాటుకుంటూ పార్నపల్లె. అక్కడ కొండలు దగ్గరికి వచ్చి చిత్రావతికి కట్ట కట్టడానికి చోటిచ్చాయి. పైడిపాలెం వైపు పోతే నల్లరేగడి పొలాలు, ఎదురుగాలి. ఆ ఎదురుగాలి ఏ కొండ ఎక్కుడుకూ తీసిపోదని తొక్కేవాళ్ళకు తెలుస్తుంది. జమ్మలమడుగు నుంచి గండికోటకు ఎర్రమలలెక్కే దారిది వేరే పరీక్ష. వేంపల్లె దగ్గరికొస్తే రాళ్ళే చదువుకోవాల్సిన పుస్తకం. కడప శిలల మీద 1872లో విలియం కింగ్ వెలువరించిన భూగర్భ సర్వే గ్రంథం నుంచి నేటి దాకా ఈ రాళ్ళ మీద ఎంతో పరిశోధన జరిగింది. ఇక్కడి సున్నపురాయి జాతి డోలమైటు పొరలకు శాస్త్రంలో పేరే వేంపల్లె శిలాసముదాయం. దాదాపు 190 కోట్ల ఏళ్ళ నాడు లోతు లేని సముద్రంలో సూక్ష్మజీవులు పొర మీద పొరగా కట్టిన గుబ్బలు, స్ట్రోమటోలైట్లు, ఈ రాళ్ళలో ఉల్లిగడ్డను అడ్డంగా కోసినట్టు కనబడతాయి. తుమ్మలపల్లె యురేనియం దొరికింది కూడా ఈ డోలమైటులోనే. గంటకు అరవై కిలోమీటర్ల వేగంలో ఇదంతా బూడిద రంగు గట్టు. గంటకు పదిహేను కిలోమీటర్ల మీద అది గట్టు కాదు, పాత సముద్రం అడుగు. వేంపల్లెకు దగ్గర్లోనే గండిలో పాపాఘ్ని కొండను చీల్చుకుని బయటికొస్తుంది. దత్త మండలాలకు 1800 నుంచి 1807 దాకా కలెక్టరుగా ఉన్న థామస్ మన్రోకు ఆ రెండు కొండల నడుమ బంగారు తోరణం కనిపించిందని ఇక్కడి కథ. గుర్రం దిగి చూసినవాడు కాబట్టి కనిపించింది. కారులో పోయుంటే ఆయనకూ తప్పిపోయేదే.

ఇక్కడి నీళ్ళ అందం గురించి రాసేవాళ్ళెవరూ దాటేయకూడని సంగతి ఒకటుంది. ఇవి ప్రకృతి పెట్టిన సరస్సులు కావు, మనుషుల్ని లేపి కట్టినవి. గండికోట జలాశయం నిండుతూ వచ్చిన 2020లో తాళ్ళప్రొద్దుటూరు లాంటి పెద్ద ఊరు ఖాళీ అయింది. ఊళ్ళతోపాటు ఆ ఊళ్ళకు పోయే రోడ్లూ మునిగాయి. ఆ ఒడ్డున ఎప్పుడైనా దారి సూచికలు పెడితే నీళ్ళ కింద ఉన్న ఊళ్ళ పేర్లు కూడా రాయాలి. ఆ పేర్లు లేకపోతే అది సగం పటమే.

ఇక ఇరుకు దారులకు ఇప్పుడు వచ్చిన ముప్పు. రాయచోటి నుంచి వేంపల్లె, ఎర్రగుంట్ల, ప్రొద్దుటూరు మీదుగా చాగలమర్రి దాకా పోయే దారి ఇప్పుడు 440వ నంబరు జాతీయ రహదారి. ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీల లారీలు, కడప బండల లారీలు తిరిగే ఆ దారికి వెడల్పు కావాల్సిందే. దాన్ని కాదనడం మూర్ఖత్వం. 2025 నవంబరులో చేవెళ్ళ దగ్గర కంకర టిప్పరు బస్సును గుద్దుకుని దాదాపు ఇరవై మంది చనిపోయినప్పుడు, అదే రోడ్డు మీద సుమారు తొమ్మిది వందల మర్రిచెట్ల కోసం హరిత ట్రిబ్యునల్ దాకా పోయినవాళ్ళను జనం నిందించారు. ఆ కోపం అర్థం చేసుకోదగ్గదే, అయినా గురి తప్పింది. భారీ టిప్పర్లు, కిక్కిరిసిన బస్సులు ఒకే ఇరుకు రోడ్డు మీద వేగంగా తిరగడమే అక్కడి సమస్య. మానులు కాదు. కాబట్టి విడదీయాల్సింది బరువులను: లారీల దారి లారీలకు, ఊరి దారి ఊరికి. బెంగళూరు నుంచి విజయవాడ వైపు వేస్తున్న కొత్త ఎక్స్‌ప్రెస్‌వే కూడా ఈ జిల్లా మీదుగానే పోతుంది. దూరపు బరువు దానిమీదికి ఎక్కితే లోపలి రోడ్ల మీద ఒత్తిడి తగ్గుతుంది. అలా తగ్గినప్పుడు లోపలి రోడ్లను కూడా వెడల్పు చేసుకుంటూ పోవడం దేనికి?

రైతు అడిగే ప్రశ్న మాత్రం గట్టిది. అరటి గెలలు కోసిన రోజు లారీ తోట దాకా రావాలి, అర్ధరాత్రి 108 రావాలి, మీ సైకిళ్ళ సరదా కోసం మా దారి ఇరుకుగా ఉండాలా అంటాడు. ఉండనక్కరలేదు, మొత్తం దారి వెడల్పు చేయనూ అక్కరలేదు. స్కాట్లాండు కొండల్లో ఒక్క బండి పట్టే రోడ్లు ఇప్పటికీ వందల మైళ్ళున్నాయి. అక్కడక్కడా పక్కన కాస్త జాగా వేసి, ఇక్కడ తప్పుకోండి అని బోర్డు పెడతారు. పాలవ్యాను, అంబులెన్సు, గొర్రెల లారీ అన్నీ అలాగే తిరుగుతాయి. మలుపులో కంప కొట్టించి, చూపు అందేంత దూరానికొక తప్పుకునే జాగా వేయడానికి, కిలోమీటర్ల పొడవునా భూమి తీసుకుని చెట్లు కొట్టించడానికి ఖర్చులో పోలికే లేదు. పైగా రోడ్డు వెడల్పయితే పోయేది ఎవరి గట్టు? ఆ రైతుదే.

ఇదంతా నగరం నుంచి లక్ష రూపాయల సైకిలేసుకుని వచ్చేవాళ్ళ కోసమే కదా అనేది ఇంకో మాట. కొంత వాళ్ళ కోసమే. రెండు వందల కిలోమీటర్లను పదమూడున్నర గంటల్లో తొక్కే బ్రెవే పోటీలకు, పోటీ అనకూడదంటారు వాళ్ళు, ఇప్పుడు మన నగరాల్లోనూ జనం ఉన్నారు. వాళ్ళు దారిలో నాలుగు చోట్ల ఆగి తింటారు. కారులో వచ్చినవాళ్ళు గండికోటలో దిగి, ఫోటో దిగి, హైవే హోటల్లో తింటారు. సైకిలు తొక్కేవాళ్ళకు ప్రతి పది కిలోమీటర్లకూ ఆకలే, ఆ ఆకలి తీర్చేది ఊరి అంగడే. అయినా ఈ వాదన వాళ్ళ మీద నిలబడదు. ఇడుపులపాయలో 2008 నుంచి నడుస్తున్న ట్రిపుల్ ఐటీ క్యాంపస్‌లో పదో తరగతి పూర్తి చేసి వచ్చిన వేల మంది పల్లెటూరి పిల్లలు ఆరేళ్ళు ఉంటారు, మోటారు బండి కొనే స్థోమత లేనివాళ్ళే ఎక్కువ. తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు ప్రభుత్వం ఒకప్పుడు సైకిళ్ళు పంచింది. సైకిలిచ్చి, ఆ సైకిలు పోయే రోడ్డు మీదికి లారీలను పంపితే అది ఏ పథకమవుతుంది?

ఎండ గురించి అడగకుండా ఎవరూ వదలరు. మార్చి నుంచి జూన్ దాకా ఇక్కడ మధ్యాహ్నం సైకిలు తొక్కమని ఎవరూ చెప్పరు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా కాలం చాలు. యూరపులో చలికాలం వచ్చిందని ఎవరూ దారులు మూసుకోరు కదా. నీడ మాత్రం మన చేతుల్లో ఉంది: వేప, చింత, కానుగ ఈ నేలకు అలవాటైన మానులే, ఇరుకు రోడ్డుకు రెండువైపులా పెరిగితే కొమ్మలు కలుస్తాయి. నాలుగు వరసల రోడ్డు మీద ఏ మానూ అంత దూరం చేయి చాపలేదు. అడవి సంగతి: పాలకొండల్లో ఎర్రచందనం ఉంది, అటవీ శాఖ నిఘా ఉంది. తారు రోడ్డు దిగకుండా పగటి పూట పోతే ఎవరికీ ఇబ్బంది లేదు. కుక్కలున్నాయి. కుక్కలు అన్నిచోట్లా ఉన్నాయి.

దారులు కాపాడుకుంటే చాలదు, తెలియాలి కూడా. ఇందుకో మంచి ఉదాహరణ బెల్జియంలోని లింబర్గ్. అక్కడి చివరి బొగ్గు గని 1992లో మూతపడింది. ఇక ఆ ప్రాంతానికి ఎవరొస్తారు అనుకుంటున్నప్పుడు హ్యూగో బోలెన్ అనే గనుల ఇంజనీరు ఒక ఉపాయం చెప్పాడు. కొత్త దారులేమీ వద్దు, ఉన్న చిన్న రోడ్ల కూడళ్ళకు నంబర్లు వేద్దాం, ఏ నంబరు నుంచి ఏ నంబరుకు పోవాలో తొక్కేవాళ్ళే ఎంచుకుంటారు అని. గని సొరంగాల్లో కూడళ్ళను గుర్తించే పద్ధతి నుంచే ఆయనకు ఆ ఆలోచన వచ్చిందంటారు. 1995లో మొదలైన ఆ నంబర్లు తర్వాత నెదర్లాండ్స్ అంతటా పాకాయి. ముగ్గురాయి, సున్నపురాయి, బండలు తవ్వుకుని బతికిన మన జిల్లాకు ఇది పరాయి ఆలోచనలా అనిపించదు. బోర్డుకు ఇనుము కూడా అక్కరలేదు. కడప బండ మీద నంబరు చెక్కి పాతితే తుప్పు పట్టదు, ఎవరూ ఎత్తుకుపోరు.

ఈ పని జరగాలంటే పంచాయతీరాజ్ ఇంజనీర్ల రోడ్ల జాబితాలో ఇంకో గడి కావాలి: ఈ రోడ్డు తారు మార్చవచ్చు, వెడల్పు చేయకూడదు అని. ఆ గడిలో మొదట చేరాల్సినవి లింగాల, సింహాద్రిపురం మండలాల్లో ఊరికీ ఊరికీ మధ్యనున్న లింకు రోడ్లు, మైలవరం చుట్టూ కట్ట కిందికి పోయే దారులు, ఇడుపులపాయ నుంచి కొండ వారగా పోయేవి. 440వ నంబరు రహదారిలో గండి ముందున్న ఒక్క ముక్కను మినహాయింపుగా చేర్చాలంటే మాత్రం పంచాయతీరాజ్ వాళ్ళతో పని జరగదు, అది జాతీయ రహదారుల విభాగంతో వేరే మాట్లాడుకోవాలి, అదీ తర్వాతి టెండరు పిలవకముందే.