కార్డు వెనకనున్న పేరు

పిల్లలూ, మీ ఖతార్ ఐడి కార్డుని ఎప్పుడైనా తిప్పి చూశారా? ముందువైపు మీ ఫోటో, మీ పేరు ఉంటాయి. వెనకవైపు మిమ్మల్ని ఇక్కడ ఉంచుతున్న స్పాన్సర్ పేరు ఉంటుంది. చాలా ఇళ్ళలో అది నాన్నగారి పేరే. అమ్మ కార్డు వెనకా అదే పేరు. ఇంట్లో అందరూ సఖ్యంగా ఉన్నన్నాళ్ళూ ఆ పేరు సంగతి ఎవరికీ గుర్తుండదు. ఈ వ్యాసం పెద్దవాళ్ళ కోసమే గానీ, మీరు చదివినా తప్పులేదు.

ఇండస్ట్రియల్ ఏరియాలో పనిచేసే మనవాళ్ళలో ఎక్కువమంది భార్యాబిడ్డల్ని ఊళ్ళోనే వదిలి వచ్చినవాళ్ళు. ప్రైవేటు ఉద్యోగికి కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే సాధారణంగా నెలకు 10,000 రియాళ్ళ జీతం చూపించాలి; కంపెనీ ఇల్లిస్తే కొంత తక్కువైనా సరిపోతుంది. అంత కష్టపడి తెచ్చుకున్న కాపురంలోనూ కలతలు వస్తాయి. అప్పుడు భార్య ముందు నిలిచే మొదటి ప్రశ్న "నేనిక్కడ ఉండొచ్చా?" అన్నదే.

2015లో వచ్చిన 21వ నంబరు చట్టం ప్రకారం విదేశీయులకు ఇచ్చే నివాస అనుమతి, అంటే మనం ఆర్.పి. అనేది, ఒక స్పాన్సర్‌తో ముడిపడి ఉంటుంది. భార్యాభర్తలు వేరువేరు గదుల్లో ఉన్నంత మాత్రాన, మాటలు మానేసినంత మాత్రాన ఆర్.పి. పోదు. అయితే దాన్ని రెన్యువల్ చేయించేదీ, రద్దు కోరగలిగేదీ స్పాన్సరే. రద్దయితే సాధారణంగా 90 రోజుల్లోగా వేరే దారి చూసుకోవాలి, లేదా దేశం విడిచి వెళ్ళాలి. చదువుకుని ఉద్యోగం చేయగలిగిన ఇల్లాలికి ఒక దారి ఉంది: ఉద్యోగమిచ్చే సంస్థ స్పాన్సర్‌షిప్ కిందికి మారడం. ఆ పని ఆర్.పి. చెల్లుబాటులో ఉండగానే మొదలుపెట్టాలి. రద్దయ్యాక పరుగెత్తడం ఎవరికైనా కష్టమే.

మరి పర్మినెంట్ రెసిడెన్సీ లేదా అంటారేమో. 2018లో 10వ నంబరు చట్టంతో ఖతార్ అదీ తెచ్చింది. బయట పుట్టినవారికి 20 ఏళ్ళు, ఇక్కడే పుట్టినవారికి 10 ఏళ్ళు నివాసం ఉండాలి, ఆదాయం చూపాలి, అరబ్బీ తగినంత రావాలి. ఏడాదికి ఇచ్చేవి 100కు మించవు. ఇక మనలో ఎందరికి అందుతుందో మీరే లెక్క వేసుకోండి. అందుకే అమెరికా చుట్టాల మాట ఇక్కడికి అతికించకూడదు. అక్కడ కొత్త పెళ్ళితో రెండేళ్ళ షరతుల గ్రీన్‌కార్డు వచ్చినవారు, విడాకులైనా, పెళ్ళి నిజాయితీగా చేసుకున్నదేనని రుజువు చేసి ఒంటరిగా అర్జీ పెట్టుకోవచ్చు. కెనడా అలాంటి రెండేళ్ళ షరతునే 2017లో ఎత్తేసింది. ఇక్కడ ఆ రెండు దారులూ లేవు.

అన్నిటికన్నా జాగ్రత్తపడవలసింది మరొకటుంది. "కొన్నాళ్ళు పుట్టింట్లో ఉండి రా, టికెట్ తరవాత పంపిస్తా" అన్న మాట. ముందుగా అనుమతి లేకుండా ఆరు నెలలకు మించి ఖతార్ బయట ఉంటే ఆర్.పి. చెల్లదు. ఇవాళ రేపు అంటూ ఫోనులో నెలలు దొర్లిపోతాయి. గొడవ, కోర్టు, నోటీసు ఏవీ లేకుండానే తలుపు మూసుకుపోతుంది. అలకతో వెళ్ళినా, పురిటికి వెళ్ళినా తేదీ ఒకటే లెక్క. వెళ్ళిన రోజు కేలెండరు మీద గుర్తు పెట్టుకోవడం అనుమానం అనిపించుకోదు.

విడాకుల సంగతి మరోటి. 1975లో తిరుపతిలో పెళ్ళయిన ఒక జంటలో భర్త అమెరికాలోని మిస్సోరి కోర్టులో విడాకులు తెచ్చుకుని మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. ఆ తీర్పు మన దేశంలో చెల్లదని సుప్రీంకోర్టు 1991లో చెప్పింది. హిందూ వివాహ చట్టం కింద జరిగిన పెళ్ళిని ఆ చట్టం చెప్పిన కారణాల మీదే రద్దు చేయాలన్నది సారాంశం; భార్య మనస్ఫూర్తిగా ఆ కోర్టుకు ఒప్పుకుని హాజరైతే వేరే మాట. కాబట్టి ఎవరో ఇచ్చిన కాగితం చూసి ఆర్.పి. పోయినా, ఊళ్ళో పెళ్ళి పోయినట్టు కాదు. 2003 నుంచి భార్య తానున్న ఊరి కోర్టులోనే కేసు వేసుకోవచ్చు. హింస కేసు కూడా తాను తలదాచుకున్న చోటే పెట్టవచ్చని 2019లో సుప్రీంకోర్టు తేల్చింది. కరీంనగర్ పిల్ల దోహా చుట్టూ తిరగనక్కరలేదు.

పిల్లల ఆర్.పి. కూడా సాధారణంగా తండ్రి పేరు మీదే ఉంటుంది కనక, తల్లి వెళ్ళినా వాళ్ళది అలాగే ఉండవచ్చు. పాస్‌పోర్టు రెన్యువల్‌కి మాత్రం మామూలుగా ఇద్దరి సమ్మతీ అడుగుతారు. అందుకని కోపాలు ఎలా ఉన్నా ఆ ఒక్క సంతకం దగ్గర పెద్దమనసు చూపించిన తండ్రులు, తల్లులు నాకు తెలుసు. చూపించనివారూ తెలుసు.

సహాయం కావాలంటే దోహాలోని భారత రాయబార కార్యాలయం ఉంది. దాని నీడలో 1984 నుంచి ఐ.సి.బి.ఎఫ్. పనిచేస్తోంది. ఇండియా చేరుకున్నవారు విదేశాంగ శాఖ 2015లో పెట్టిన 'మదద్'లో ఫిర్యాదు నమోదు చేయవచ్చు. జాతీయ మహిళా కమిషన్‌లో ఎన్.ఆర్.ఐ. సెల్ ఉంది. ఎక్కడికి వెళ్ళినా మొదట అడిగేవి పెళ్ళి సర్టిఫికెట్, పాస్‌పోర్టు, ఐడి కార్డు రెండువైపులా నకలు. వాటి ప్రతులు ఒక సెట్టు ఊళ్ళో అమ్మగారి దగ్గర ఉంచండి.