వార్త వెనుక చూపు నేర్పే గ్రంథపాలకులు

అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రంలో 2023 జనవరిలో గవర్నర్ ఫిల్ మర్ఫీ సంతకంతో అమల్లోకి వచ్చిన ఒక చట్టం, కిండర్‌గార్టెన్ నుంచి పన్నెండో తరగతి వరకు విద్యార్థులందరికీ సమాచార అక్షరాస్యతను బోధించాలని నిర్దేశించింది. కావలసిన సమాచారాన్ని వెదికి పట్టుకోవడం, అది ఎవరి చేతుల మీదుగా ఎలా తయారైందో గ్రహించడం, నమ్మదగినదో కాదో తేల్చుకున్నాకే వాడుకోవడం అనే నేర్పులన్నిటినీ కలిపి సమాచార అక్షరాస్యత అంటారు. వార్తలు, ప్రకటనలు, వీడియోలు, సామాజిక మాధ్యమాల పోస్టుల విషయంలో ఈ నేర్పునే మీడియా అక్షరాస్యతగా వ్యవహరిస్తున్నారు. వాస్తవానికీ అభిప్రాయానికీ ఉన్న తేడా, సంఘటన జరిగిన కాలంలోనే పుట్టిన ప్రాథమిక ఆధారానికీ దాన్ని పరిశీలించి తర్వాత రాసిన ద్వితీయ ఆధారానికీ ఉన్న తేడా ఈ పాఠాల్లో భాగం కావాలన్న చట్టం, బోధనా ప్రమాణాల రూపకల్పనలో పాఠశాల గ్రంథపాలకులకు కూడా చోటు కల్పించింది.

ఆ చోటు వారికి న్యాయంగా దక్కవలసిందే. ఒక పుస్తకాన్ని అలమరలోకి తీసుకునే ముందు దాన్ని రాసిందెవరు, ప్రచురించిందెవరు, ఏనాటి ముద్రణ, ఎవరి ప్రయోజనం కోసం వచ్చింది అని విచారించడం గ్రంథపాలకుల వృత్తిధర్మం. ఫోన్ తెరపై కనిపించిన ప్రతి సమాచారం గురించీ విద్యార్థి నేర్చుకోవలసిన ప్రశ్నలు కూడా ఇవే. పైగా సబ్జెక్టు ఉపాధ్యాయుల దగ్గర ఏడాదో రెండేళ్లో చదివి వెళ్లిపోయే పిల్లలు, గ్రంథాలయానికి మాత్రం ఆ పాఠశాలలో ఉన్నంత కాలమూ వస్తూనే ఉంటారు కనుక, ఒక తరగతిలో నాటిన అలవాటును పై తరగతుల్లోనూ గట్టిపరిచే వీలు గ్రంథపాలకులకే ఎక్కువ.

ఈ చదువు ఎంత అవసరమో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో వెల్లడించిన ఫలితాలు చెబుతాయి. దేశవ్యాప్తంగా 3,446 మంది హైస్కూలు విద్యార్థులను పరీక్షించగా, డబ్బు తీసుకొని ప్రచురించిన ప్రకటన కథనానికీ అసలైన వార్తకూ తేడాను మూడింట రెండు వంతుల మంది పోల్చుకోలేకపోయారు. రష్యాలో చిత్రించిన ఒక వీడియోను అమెరికా ఎన్నికల్లో జరిగిన అక్రమాలకు గట్టి సాక్ష్యంగా సగానికి పైగా విద్యార్థులు నమ్మారు. ఇంటర్నెట్ అందుబాటులో ఉన్నా, కాసేపు వెదికితే అసలు సంగతి బయటపడే అవకాశమున్నా, దాని మూలాన్ని కనిపెట్టినవారు ముగ్గురే.

అయితే గ్రంథపాలకులు దశాబ్దాలుగా నేర్పిన పద్ధతికి కూడా ఇక్కడ ఎదురుదెబ్బ తగిలిందని ఒప్పుకోవాలి. కాలిఫోర్నియా రాష్ట్రంలోని చీకో విశ్వవిద్యాలయ గ్రంథపాలకురాలు సారా బ్లేక్స్‌లీ 2004లో వెలువరించిన పరీక్షా పట్టిక ఒకటి ఎన్నో పాఠశాలలకు పాకింది. సమాచారపు తాజాదనం, సందర్భోచితత్వం, రచయిత అర్హత, కచ్చితత్వం, ఉద్దేశం అనే ఐదు కోణాల్లో పేజీని పరిశీలించమంటుంది ఆ పట్టిక. మంచి ప్రశ్నలే కానీ, జవాబులను ఆ పేజీలోనే వెదుక్కుంటూ పోయే విద్యార్థి మోసపోక తప్పదు.

స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు శామ్ వైన్‌బర్గ్, సారా మెక్‌గ్రూ 2017లో ప్రకటించిన అధ్యయనం ఈ లోపాన్ని స్పష్టంగా చూపింది. పదిమంది చరిత్రకారులకు, పదిమంది వృత్తిరీత్యా నిజనిర్ధారకులకు, ఇరవై ఐదుగురు స్టాన్‌ఫర్డ్ విద్యార్థులకు శిశువైద్యుల సంఘాలు రెండింటి వెబ్‌సైట్లు ఇచ్చారు. వాటిలో అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 1930లో ఏర్పడి, వేలాది సభ్యులతో ఆ వృత్తికే ప్రధాన సంస్థగా నిలిచింది. అమెరికన్ కాలేజ్ ఆఫ్ పీడియాట్రిషియన్స్ అన్నది స్వలింగ దంపతుల దత్తత హక్కుపై విభేదించి 2002లో విడివడిన చిన్న బృందం. చక్కని లోగో, శాస్త్రీయంగా కనిపించే వ్యాసాలు, చివర ఆధారాల జాబితా చూసి విద్యార్థుల్లో ఎక్కువమంది చిన్న బృందాన్నే నమ్మదగినదిగా ఎంచారు. చరిత్రకారులు సైతం తడబడ్డారు. నిజనిర్ధారకులు పేజీని కిందికంటా చదవనే లేదు. వెంటనే పక్కన కొత్త ట్యాబులు తెరిచి, ఆ సంస్థ గురించి ఇతరులు ఏమంటున్నారో చూసి, నిమిషాల్లో గుట్టు పట్టుకున్నారు. దీన్నే పార్శ్వ పఠనం అంటారు: ఒక మూలాన్ని తూచడానికి దాన్ని వదిలి బయటికి వెళ్లడం.

ఇది ఒక్కసారి చెబితే వచ్చే విద్య కాదు. పక్కన నిలబడి, శోధన ఫలితాల్లో మొదటిదాన్నే ఎందుకు నొక్కావని అడిగేవారు ఉండాలి. న్యూజెర్సీ చట్టంలోని బలహీనత కూడా ఇక్కడే ఉంది: ప్రతి పాఠశాలలోనూ గ్రంథపాలకులను నియమించి తీరాలని అది చెప్పలేదు. అలాంటి నిబంధన లేనిచోట ఏమవుతుందో పొరుగు రాష్ట్రం పెన్సిల్వేనియా చూపుతోంది: డెలవేర్ నదికి ఆవలి ఒడ్డున అక్కడున్న ఫిలడెల్ఫియా నగరంలో రెండు వందలకు పైగా ప్రభుత్వ పాఠశాలలున్నా, అర్హత పత్రం ఉన్న గ్రంథపాలకుల సంఖ్య వేళ్ల మీద లెక్కపెట్టేంతకు పడిపోయింది. బడ్జెట్ కోతల్లో ముందుగా తెగేవి గ్రంథాలయ ఉద్యోగాలే అయితే, పాఠ్య ప్రమాణాలు ఎంత బాగున్నా కాగితం దాటి రావు.

ఎడిసన్ వంటి న్యూజెర్సీ పట్టణాల్లో పెద్ద సంఖ్యలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇందులో ప్రత్యక్ష సంబంధం ఉంది. వారి పిల్లలకు బడిలో ఇంగ్లీషు వార్తలు, ఇంట్లో వాట్సాప్ బంధుబృందాల తెలుగు సందేశాలు రెండూ ఎదురవుతున్నాయి. మొదటివాటిని తూచడం గ్రంథపాలకులు నేర్పగలరు, రెండోవాటి విషయంలో ఆ పని తల్లిదండ్రులే చేయాలి. స్కూల్ బోర్డు సమావేశాల్లో మాట్లాడే అవకాశం ప్రజలకు ఉంటుంది కాబట్టి, వచ్చే బడ్జెట్ చర్చకు వెళ్లే తల్లిదండ్రులు మార్కులు, బస్సుల సంగతితో పాటు తమ పిల్లల పాఠశాలలో పూర్తికాలపు గ్రంథపాలకులు ఉన్నారా, లేకపోతే ఎప్పటికి నియమిస్తారు అని కూడా అడగాలి.