షెడ్డులో పంట, పక్కన ఇంటి పని

"ఇల్లు ఎందాకా వచ్చింది, పురుగులు పెడుతున్నారా, ఆపేశారా?" అని పోయిన నెల చాలామంది అడిగారు. పెడుతూనే ఉన్నాం. కానీ మధ్యలో ఒక పంట సగానికి పైగా పోగొట్టుకున్నాం. ఆ సంగతి దాచి ఇంటి సంగతి ఒక్కటే రాస్తే బాగుండదు.

మాది చింతామణి పక్క పల్లె. మా అవ్వ కాలంలో పురుగులు నడిమింట్లోనే ఉండేవి. తట్టల స్టాండ్లు, చీమలు ఎక్కకుండా వాటి కాళ్ల కింద నీళ్ల గిన్నెలు. నాలుగో జ్వరం లేచిందంటే ఇల్లు పురుగులది, అరుగు మనుషులది. షెడ్డు వేసుకున్నది పన్నెండేళ్ల కింద. ఇప్పుడు కట్టేది మా ఇంట్లో మనుషుల కోసమే కట్టుకున్న మొదటి ఇల్లు. జాగా లేక షెడ్డుకు నలభై అడుగుల్లోనే కట్టాల్సి వచ్చింది.

స్లాబు పడేదాకా పెద్ద ఇబ్బంది లేదు. షెడ్డుకు ఆ వైపు కిటికీల మీద పట్టా కట్టి దుమ్ము ఆపుకున్నాం. సెంట్రింగ్ విప్పి లోపలి పని మొదలయ్యాకే చిక్కులు.

ముందు గోడల్లో గాడి తీసి కరెంటు పైపులు, నీళ్ల పైపులు వేశారు. గార పూయకముందే ప్రతి గోడనూ ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. మేము నడిమిల్లు, వంటిల్లు తీశాం, పడకగది మరిచిపోయాం. తర్వాత బీరువా పక్కన మేకు కొడితే సరిగ్గా పైపుకే తగిలింది. బాత్‌రూమ్ నేలకు నీళ్లు దిగని పూత వేశాక రెండు రోజులు నీళ్లు నిలబెట్టి చూసుకున్నాం. టైల్స్ వేశాక కారితే మళ్లీ అంతా పగలగొట్టాలి కదా.

గార పని వేసవిలో పడింది. పూసిన గోడను తక్కువలో తక్కువ ఏడు రోజులు తడపాలి, లేకుంటే బీటలిస్తుంది. మాకున్నది ఒకటే బోరు. తోటకు డ్రిప్ నడవాలి, గోడలకూ నీళ్లు కావాలి, మూడు ఫేజుల కరెంటు ఉండేది కొన్ని గంటలే. మొదటి రెండు రోజులు గోడలే చూసుకున్నాం. ఆకు వాడు మొగం పెట్టింది. ఆ తర్వాత ఒక సిమెంటు తొట్టి కట్టించి, రాత్రి కరెంటులో నింపి, పొద్దున బకెట్లతో గోడలకు చల్లాం. రెక్కలు నొప్పి పెట్టాయి కానీ తోట నిలిచింది.

ఇక పోయిన పంట సంగతి. నేలకు రాయి పరిచే ముందు గోడ మూలల్లో చెద మందు పోయించాలి అన్నారు. టౌను నుంచి మనిషి వచ్చాడు. అప్పుడు షెడ్డులో 150 గుడ్ల పురుగులు, ఐదో దశలో నాలుగో రోజు. "మందు నేల లోపలికే పోతుందప్పా, షెడ్డుకేమీ కాదు" అన్నాడు. మేమూ నమ్మాం. పని అయ్యాక అతను డ్రమ్ము, పైపు కడిగింది మా తోట మొదటి సాలు పక్కన. ఎవరమూ చూసుకోలేదు. సాయంత్రం ఆ రెండు సాళ్ల కొమ్మలు కోసి మేత వేశాం.

రాత్రి పదికి మా అమ్మ షెడ్డులోంచి కేకేసింది. పోయి చూస్తే పురుగులు తల పైకెత్తి అటూ ఇటూ ఊపుతున్నాయి, పచ్చనీళ్లు కక్కుతున్నాయి, ఒళ్లు ముడుచుకుపోతున్నాయి. కొమ్మలన్నీ ఎత్తేసి, కిటికీలు తెరిచి, తోట అవతలి చివరి ఆకు కోసి తెచ్చి వేశాం. తినగలిగినవి తిన్నాయి. మామూలుగా వంద కేజీల దాకా వచ్చేది, 38 కేజీలు తీసుకుని శిడ్లఘట్ట మార్కెట్టుకు పోయాం. వంటింటి గ్రానైటు బల్ల డబ్బులు అందులోనే రావాల్సినవి. ఆ బల్ల మూడు నెలలు ఆగింది.

అతన్ని తిట్టుకున్నాం, నిజమే. కానీ షెడ్డులో పురుగులుండగా చెద మందు పెట్టించుకున్నది మేమే.

ఆ రెండు సాళ్లను నేల మట్టానికి కోసేసి, ఆకు దూరంగా పారేశాం. కొత్త చిగురు వచ్చాక కూడా ముందు పది పురుగులకు విడిగా వేసి, ఒక రోజు చూసి, ఆ తర్వాతే మిగతావాటికి వేశాం.

అప్పటి నుంచి క్యాలెండర్ మీద రెండు రంగులు. చాకీ పురుగులు వచ్చిన రోజు నుంచి గూళ్లు విడిపించేదాకా సుమారు 25 రోజులు ఎర్ర గీత. ఆ రోజుల్లో గార, టైల్స్, పైపులు, స్విచ్చుల పని మాత్రమే. చెద మందు, తలుపుల పాలిష్, ఎనామిల్ పెయింటు, థిన్నరు వాసన వచ్చేదేదైనా రెండు పంటల మధ్య ఖాళీలోనే. ఆ ఖాళీలోనే మనం షెడ్డుకు బ్లీచింగ్ కొడతాం కాబట్టి మా వాసన వాళ్లకు, వాళ్ల వాసన మాకు! పెయింటరు కళ్లు తుడుచుకుంటూ "మీ మందుకన్నా మా థిన్నరే మేలు" అన్నాడు.

మేస్త్రీ మొదట ఒప్పుకోలేదు. మనుషులను ఆపితే వేరే పనికి పోతారన్నాడు. ఖాళీ తేదీలు నెల ముందే చెప్పి, కొంచెం అడ్వాన్సు ఇస్తే సర్దుకున్నాడు.

చిన్న సంగతులే ఎక్కువ కాపలా అడిగాయి. బీడీ తాగిన చేత్తో షెడ్డులోకి ఎవరినీ రానివ్వలేదు, పొగాకు మన పురుగుకు విషం. టైల్స్ పిల్లలు రాత్రి కొత్తింట్లోనే పడుకునేవారు, దోమల చుట్ట వెలిగించేవారు. చుట్టలు తీసుకుని రెండు దోమతెరలు కొనిచ్చాం.

ఇంకో పొరపాటు చేయబోయి ఆగాం. పండుపురుగులు ఎక్కువై చంద్రికలకు చోటు చాలక, కొత్తింటి నడిమిల్లు ఖాళీగా ఉంది కదా, అక్కడ పెడదామనుకున్నాం. గార ఇంకా ఆరలేదు, గోడ మీద చెయ్యి పెడితే చల్లగా తగిలింది. గూడు అల్లేటప్పుడు గాలి ఆడాలి, తేమ 65 శాతం దగ్గరుండాలి. పైగా అల్లే ముందు పురుగు పోసే నీళ్లు వేరే. తడి గోడల మధ్య పెడితే రీలింగులో దారం తెగే గూళ్లు వస్తాయి. పాత పశువుల కొట్టం ఊడ్చి, బ్లీచింగ్ కొట్టి ఆరిన చోట పెట్టాం.

ఇప్పుడు నేల అయింది, పుట్టీ, ప్రైమరు అయ్యాయి. బల్ల కూడా పోయిన వారమే కూర్చోబెట్టారు. తలుపులకు పాలిష్ లేదు, ఇప్పుడు షెడ్డులో పురుగులు మూడో జ్వరంలో ఉన్నాయి. అవ్వ ఇల్లంతా తిరిగి చూసి, "దీపం గూడు ఏదిరా?" అని అడిగింది. పెట్టించలేదు. గాడి తీసే మనిషిని మళ్లీ పిలిచాం. దుమ్ము పనే కాబట్టి ఎల్లుండి వస్తున్నాడు. పాలిష్ గూళ్లు అమ్మాక, గృహప్రవేశం ఆ తర్వాత. తేదీ ఇక్కడే చెబుతాం, అందరూ రండి.