వెల్లకిలా పడ్డాక మొదలయ్యే విద్య

పొదిలి, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాల పల్లెల్లో కబడ్డీ ఆడే పిల్లలకు పట్టు అంటే ఏమిటో ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు. కూతకు వచ్చినవాడి చీలమండ దొరకబుచ్చుకుని గీత దాటకుండా ఆపడం వారికి ఆటలోనే అబ్బుతుంది. తానే పట్టుబడి కిందపడినప్పుడు, మీద ఉన్నవాడు తనకన్నా బరువైనప్పుడు, ఎలా బయటపడాలో క్రమపద్ధతిలో నేర్పే విద్య జియు-జిట్సు. పిల్లల తరగతుల్లో ఎక్కువగా నేర్పే బ్రెజిల్ శైలి పోటీల్లో గుద్దడం, తన్నడం ఉండవు. కుస్తీలో రెండు భుజాలూ నేలకు ఆనితే ఓటమే కాగా, ఇక్కడ వెల్లకిలా పడినవాడు ఎదుటివాడి నడుమును కాళ్లతో చుట్టి బిగించే ‘గార్డ్’ అనే స్థితి నుంచే ఆటను తనవైపు తిప్పుకోగలడు.

జపాన్ సమురాయి యోధుల జుజుత్సు నుంచి ప్రమాదకరమైన పద్ధతులను పక్కనపెట్టి కానో జిగోరో 1882లో టోక్యోలో జూడోను రూపొందించగా, ఆ సంప్రదాయంలో ఆరితేరిన మిత్సుయో మయేదా 1914లో బ్రెజిల్ చేరి కార్లోస్ గ్రేసీకి దానిని నేర్పాడు. కార్లోస్ తమ్ముడు ఎలియో బక్కపలచనివాడు కావడంతో, బలంకన్నా మీటసూత్రానికి, అంటే తక్కువ శక్తితో ఎక్కువ బరువును కదిలించే ఒడుపుకు, ఆ కుటుంబం పెద్దపీట వేసింది. జుజుత్సు, జూడో మన దేశానికీ మరీ కొత్తవేమీ కావు. రవీంద్రనాథ్ ఠాగూర్ 1905లో సానో అనే శిక్షకుణ్ని, 1929లో తకగాకి అనే శిక్షకుణ్ని జపాన్ నుంచి శాంతినికేతన్‌కు రప్పించి నేర్పించారు, ఆడపిల్లలూ నేర్చుకున్నారు. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో జియు-జిట్సు పతక క్రీడగా చోటు దక్కించుకుంది.

తరగతిలో మొదట నేర్పాల్సింది పట్టు కాదు, పడటం. కూర్చున్న చోటి నుంచే వెనక్కి వాలుతూ, గడ్డాన్ని ఛాతీకి ఆనించి, రెండు అరచేతులనూ ఒంటికి కాస్త ఎడంగా మ్యాట్ మీద చరచడాన్ని పిల్లలు పదేపదే చేస్తారు. గడ్డం ఆనించడం వల్ల తల నేలకు తగలదు. చరచడం అలవాటైతే పడేటప్పుడు చేతిని వెనక్కి నిలువుగా ఊనే సహజ పొరపాటు తప్పుతుంది, మణికట్టు నిలుస్తుంది. సైకిల్ మీంచి పడినప్పుడు కూడా అక్కరకొచ్చేది ఈ పాఠమే. తర్వాతది ‘ష్రింప్’ అనే కదలిక: పక్కకు ఒరిగి, ఒక పాదాన్ని మ్యాట్‌పై గట్టిగా ఊని, పిరుదులను వెనక్కి జరిపి, మీదనున్నవాడికీ తనకూ నడుమ జానెడు ఖాళీ సంపాదించి, ఆ ఖాళీలో మోకాలు దూర్చడం. ఎత్తి పడేయలేని బరువు కింద నుంచి తానే జారిపోవచ్చని పిల్లవాడికి తెలిసేది ఇక్కడే.

అన్నిటికన్నా విలువైన నియమం ‘ట్యాప్’. మోచేతి కీలు మీదో మెడ మీదో పట్టు బిగిసినప్పుడు ఎదుటివాడి ఒంటినో మ్యాట్‌నో రెండు మూడుసార్లు తడితే, చేతులు చిక్కుకుంటే నోటితో చెబితే, అవతలివాడు ఆ క్షణమే వదిలేయాలి. సాధనలో ఆ తర్వాత ఇద్దరూ చేతులు కలిపి మళ్లీ మొదలుపెడతారు. చిక్కల్లా పెద్దల దగ్గరే వస్తుంది. గట్టుమీద నిలబడి ‘తట్టొద్దురా, ఓర్చుకో’ అని కేకలేసే తండ్రి, తెలియకుండానే, కొడుకు మోచేతిని పణంగా పెడుతున్నాడు. శిక్షకుణ్ని అంచనా వేయడానికి గోడమీది పతకాలకన్నా, తట్టిన వెంటనే పట్టు వదలని పిల్లవాడితో ఆయన ఎలా వ్యవహరిస్తున్నాడన్నదే నమ్మదగిన కొలత.

అంతర్జాతీయ బ్రెజిలియన్ జియు-జిట్సు సమాఖ్య నిబంధనల్లో పిల్లల బెల్టులు తెలుపు, బూడిద, పసుపు, నారింజ, ఆకుపచ్చ రంగులవి. నీలం బెల్టు పదహారో ఏడు వచ్చాకే. మడమను మెలితిప్పి మోకాలిని దెబ్బతీసే పట్టు పిల్లలకు పూర్తిగా నిషిద్ధం. నీలం బెల్టుకే అన్నేళ్లు ఆగాలి కాబట్టి, హైస్కూలు దాటకముందే ఈ విద్యలో బ్లాక్ బెల్టు ఇప్పిస్తామనే కరపత్రాన్ని మడిచి పక్కన పడేయవచ్చు. ఒంటికి ఒళ్లు తగిలే విద్య కనుక, తల్లిదండ్రులు కూర్చుని చూడటానికి వీల్లేదనే చోటికి, ముఖ్యంగా ఆడపిల్లలను, పంపకపోవడమే మేలు. ప్రభుత్వ బడుల్లో సమగ్ర శిక్ష కింద బాలికలకు ఆత్మరక్షణ శిక్షణ ఇచ్చే పథకం ఉంది. పాఠశాల క్రీడల్లో జూడో ఉంది. దగ్గరలో జియు-జిట్సు మ్యాట్ లేని కుటుంబం పడటం, దొర్లడం అనే తొలిపాఠాలను మంచి జూడో శిక్షకుడి వద్దే మొదలుపెట్టించవచ్చు.

ఈ ప్రాంతంలో ప్రత్యేకంగా తీసుకోవలసిన జాగ్రత్త ఒకటుంది. కనిగిరి, పొదిలి, దర్శి పరిసరాల భూగర్భ జలాల్లోని ఫ్లోరైడ్ ఎముకలపై, కీళ్లపై ప్రభావం చూపుతుంది కనుక, కీళ్లు బిగుసుకుపోతున్నాయనో నొప్పులనో చెప్పే పిల్లవాడిని మ్యాట్ ఎక్కించే ముందు డాక్టరుకు చూపించడం అవసరం. తామర మ్యాట్ మీద ఇట్టే పాకుతుంది. అందువల్ల ‘గీ’ అనే మందపాటి చొక్కా, ప్యాంటును ప్రతి తరగతి తర్వాత ఉతకాలి, గోళ్లు పొట్టిగా కత్తిరించాలి. ట్యాంకర్ నీటి మీద ఆధారపడే వీధుల్లో వారానికి మూడు తరగతులంటే మూడు ఉతుకులని, ఫీజు మాట్లాడేటప్పుడే తల్లి లెక్క వేసుకోవలసి ఉంటుంది.