ఢిల్లీ ఎండలో ఫిల్ము కెమెరా: వెండి రేణువుల్లో నిత్యజీవితం

టీ కొట్టు, రిక్షా, మెట్రో మెట్ల మీద కునుకు తీసే కూలీ: ఢిల్లీలో రోజూ కనిపించే ఈ దృశ్యాలను ఫోన్లు లెక్కలేనన్నిసార్లు బంధిస్తున్నాయి. అయినా వీటి కోసమే పాత కెమెరాలో 36 ఫ్రేముల రీలు వేసుకుని వీధుల్లోకి వెళ్లేవారు ఇంకా ఉన్నారు. ఆ కెమెరాల చరిత్ర చూడాలనుకుంటే గురుగ్రామ్‌లో 2019లో ప్రారంభమైన మ్యూజియో కెమెరా ఉంది. వాటి వెనుక ఉన్న విజ్ఞానం మాత్రం ఫిల్ములోనే దాగి ఉంది.

బ్యాటరీ లేని లెక్క

చాలా పాత కెమెరాల్లో కాంతిని కొలిచే మీటరు ఉండదు. దానికి ఒక సులువైన సూత్రం ఉంది. ఐఎస్ఓ 100 ఫిల్ము వేసి, మంచి ఎండలో లెన్స్ రంధ్రాన్ని ఎఫ్/16 దగ్గర ఉంచితే, షట్టర్ సుమారు సెకనులో నూరో వంతు తెరుచుకుంటే చాలు. ఆకాశమంతా మబ్బు పడితే ఎఫ్/8కి మార్చాలి. అప్పుడు రంధ్రం వ్యాసం రెట్టింపవుతుంది, వైశాల్యం నాలుగింతలవుతుంది. లోపలికి వచ్చే కాంతి కూడా నాలుగు రెట్లు పెరుగుతుంది.

కంటికి కనబడని బొమ్మ

ఫిల్ము మీది జెలటిన్ పూతలో సిల్వర్ హాలైడ్ స్ఫటికాలు ఉంటాయి. కాంతి తగిలిన స్ఫటికంలో ఎలక్ట్రాన్లు విడుదలై, వెండి అయాన్లను వెండి పరమాణువులుగా మారుస్తాయి. ఈ ప్రక్రియను 1938లో గర్నీ, మాట్ వివరించారు. నాలుగైదు పరమాణువులు ఒకచోట చేరితే చాలు, డెవలపర్ ద్రావణం ఆ స్ఫటికాన్నంతా వెండిగా మారుస్తుంది. కాంతి తగలని స్ఫటికాలను ఆ తర్వాత హైపో కరిగించేస్తుంది.

వేడితోనే చిక్కు

బ్లాక్ అండ్ వైట్ ఫిల్మును సాధారణంగా 20 డిగ్రీల దగ్గర కడుగుతారు. మే నెలలో ఢిల్లీ కుళాయి నీరు అంతకంటే చాలా వేడిగా వస్తుంది. వేడి పెరిగితే రసాయన చర్య వేగం పుంజుకుని బొమ్మ అతిగా నల్లబడుతుంది, జెలటిన్ మెత్తబడుతుంది. అందుకే ఇంట్లో ఫిల్ము కడిగేవారు సీసాలను మంచు నీళ్ల తొట్టిలో ఉంచుతారు.

కడిగిన నెగెటివ్‌కూ వేడి శత్రువే. పాత ఫిల్ము పట్టీ చాలావరకు సెల్యులోజ్ అసిటేట్. వేడికి, తేమకు అది విచ్ఛిన్నమై ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది. ఆ ఆమ్లమే మిగిలిన పట్టీ నాశనాన్ని మరింత వేగవంతం చేస్తుంది. క్రమంగా పట్టీ కుంచించుకుపోయి, పూత ముడతలు పడుతుంది.

ఢిల్లీ వార్తా ఛాయాచిత్రకారుడు కుల్వంత్ రాయ్ 1984లో మరణించారు. ఆయన నెగెటివ్‌ల పెట్టెలు ఫోటోగ్రాఫర్ ఆదిత్య ఆర్య దగ్గరకు చేరాయి. ఎన్నో ఏళ్ల తర్వాత వాటిని తెరిచాకే స్వాతంత్ర్యోద్యమ కాలపు చిత్రాలు మళ్లీ వెలుగు చూశాయి. మన ఇళ్లలోని బీరువాల్లో ఉన్నవి నాయకుల చిత్రాలు కాకపోవచ్చు. కానీ అమ్మమ్మ వంటింటికీ, నాన్న సైకిలుకూ మరో ప్రతి ఉండదు.

మీ ఇంట్లో పాత నెగెటివ్‌లుంటే ఒకసారి వాసన చూడండి. వెనిగర్ వాసన వస్తే వాటిని మిగతా వాటి నుంచి వేరు చేసి, ముందుగా స్కాన్ చేయించండి. బాగున్న వాటిని కాగితపు కవర్లలో పెట్టి, పొడిగా, చల్లగా ఉండే చోట దాచండి.